గాలం పోతే పోనీ

చిరంజీవి బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి, "మావయ్యగారూ, మీ మనవరాలు గాలం కొనుక్కుంది, ఆరు వేలు" అంది. నాకు సరిగ్గా వినపడక గొలుసు అనుకున్నాను. ఆరు వేలకి ఈ రోజుల్లో గొలుసేం వస్తుందమ్మా, పూత గొలుసేమో చూడమను అన్నాను. మీ అమ్మ నవ్వి మళ్లీ గట్టిగా చెప్పింది. చెప్పద్దూ, ఒక్క నిమిషం ఛాతీ పొంగింది. చేతికర్ర పుచ్చుకుని కాలవ గట్టు దాకా వెళ్లొచ్చాను. టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పాను కూడా, మా మనవరాలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ గాలం పడుతోందని. నువ్వింకా ఒక్క చేపని కూడా పట్టలేదన్న సంగతి వాళ్లకి చెప్పలేదులే.

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. వచ్చే నెల ఆఫీసు పిల్లలతో కలిసి సింగూరు డ్యామ్‌కి వెళ్తున్నావట. గేట్ల కింద మడుగుల్లో చేపలు బాగా పడతాయని ఎవరో చెప్పారట. మీ నాన్నకి ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నీతో మాట్లాడటం లేదట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు "సరే తాతయ్యా" అనేసి పెట్టేస్తావు. కాయితం మీదుంటే రెండోసారి చదువుతావని ఆశ.

నేను ఇరిగేషన్లో ముప్పై ఏడేళ్లు లస్కరుగా చేశాను. చిన్నప్పుడు నీ స్నేహితులకి "మా తాతయ్య లస్కరు" అని చెబితే వాళ్లు తస్కరుడు అనుకున్నారని ఏడ్చుకుంటూ వచ్చావు, గుర్తుందా? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర తవ్వించిన కాలవలే ఇప్పటికీ మన చేలకి నీళ్లిస్తున్నాయి. ఆ కాలవల మీద లాకుల దగ్గర ఉండి, షట్టర్లు ఎత్తేవాడూ దించేవాడూ లస్కరు. నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు ఆగుతాయో ఊరందరికంటే ముందు తెలిసేది నాకే. చేపలు ఎక్కడ చేరతాయో కూడా అలాగే తెలిసింది. కాబట్టి తాతకేం తెలుసులే అనుకోకు.

ముందు తేలిక సంగతులు చెప్పేస్తాను. నువ్వు కొన్న కర్ర మంచిదే అయి ఉంటుంది. మాది ఎనిమిది మూరల వెదురు కర్ర, దానికి రీలూ లేదు, పాడూ లేదు. నీకు రీలుంది కాబట్టి విసరడం నేర్చుకోవాలి. గాలం తీసేసి, చిన్న సీసం గుండు ఒక్కటే కట్టి, ఖాళీ స్థలంలో విసిరి చూసుకో. విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడు. మా రోజుల్లో గాలం తగిలి చెవి తమ్మె చీలినవాడు ఊరికొకడు ఉండేవాడు. ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడుపు. నైలాన్ దారం పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి అక్కడే బలం పోతుంది, చేప ఒడ్డు దాకా వచ్చి అప్పుడు తెగుతుంది. గాలం మొనకి వెనకవైపు ఉండే చిన్న ముల్లుని పట్టకారుతో నొక్కెయ్యి. ఒకటీ అరా చేపలు జారిపోతాయి, పోనీ. నీ వేలికి దిగినా, పక్కవాడి వేలికి దిగినా తేలిగ్గా వస్తుంది. నొక్కకుండా వదిలేసిన గాలం దిగిందంటే మాత్రం వెనక్కి పీకకు, దారం తెంపి అలాగే డాక్టరు దగ్గరికి పో, టీటీ ఇంజక్షన్ వేయించుకో. కరెంటు తీగల కింద కర్ర ఎత్తకు. ఇప్పటి కర్రలు కార్బన్‌వట, వాటిలో కరెంటు పాకుతుంది. ఉరుము వినిపిస్తే కర్ర కింద పెట్టేసి వచ్చి కార్లో కూర్చో.

ఎర దగ్గరికొస్తే, వానపాముల్ని మించింది లేదు. మన వైపు ఎర్రలంటాం. అంట్లు తోమే చోట, పశువుల పాక వెనక తడి మట్టి తవ్వితే చాలు. ఒక కొబ్బరి చిప్పలో ఆ మట్టితోనే వేసుకుని, పైన తడి ఆకు కప్పాలి. మీ అపార్టుమెంట్లో ఎక్కడ తవ్వుతావో నాకు తెలీదు, వాచ్‌మన్‌ని అడుగు. చేత్తో ముట్టుకోవడం అసహ్యమైతే గోధుమపిండిలో వేయించిన తవుడు కలిపి, కాస్త గట్టిగా ముద్ద చేసుకో. నీళ్లలో వెయ్యగానే కరిగిపోకూడదు, చేప నోట్లో రాయిలా తగలనూ కూడదు. మీ నాయనమ్మ ఉప్మా మిగిలిన రోజున నాకు దిగులుండేది కాదు. ఆవిడ ఉప్మాకి బొచ్చె చేపలు ఎగబడేవి, మనుషులే కాస్త ఆలోచించేవాళ్లు. ఆవిడ పైనుంచి ఇది చదివితే నా పని అయిపోతుంది.

చేపలన్నీ ఒకేచోట తిరగవు. బొచ్చె పైపైన మేస్తుంది. శీలావతి, మీ హైదరాబాద్‌లో రవ్వ అంటారు, అది నడుమ. మోసు అడుగున మట్టిలో మేస్తుంది. నీళ్ల మీద తేలే బెండుకీ గాలానికీ మధ్య దారం ఎంతుంచాలన్నది నీకు ఏ చేప కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదట్లో ఇవేవీ పడవు. నీకు పడేది జిలేబీ చేప. దాన్ని చూసి మొహం ముడుచుకోకు. చిన్న గాలం, చిన్న ఎర, ఒడ్డుకి దగ్గర్లో గడ్డి పక్కన వెయ్యి. బెండు తొణికిందని వెంటనే లాగేస్తారు కొత్తవాళ్లంతా. తొణికితే చేప రుచి చూస్తున్నట్టు. బెండు పక్కకి జరిగినా, నీళ్లలోకి దిగిపోయినా అప్పుడు లాగు, అదీ మణికట్టుతో. తెల్లవారుజామునా, పొద్దు వాలాకా బాగా పడతాయి. మిట్టమధ్యాహ్నం వెళ్లి పడలేదని నాకు ఫోన్ చెయ్యకు.

ఏ చెరువు దగ్గరికెళ్లినా ముందు అక్కడివాళ్లని అడుగు. తెలంగాణ చెరువుల్లో చాలావాటిలో చేపలు మత్స్యకార సంఘాలవి. ముదిరాజులూ గంగపుత్రులూ చేపపిల్లల్ని వదిలి పెంచుకుంటారు, ఆ చెరువే వాళ్ల ఏడాది తిండి. ఆరువేల కర్ర పట్టుకుని కారు దిగి, అడక్కుండా గాలం వేస్తే అది దొంగతనమే. మంచిగా అడిగితే ఎక్కడ వెయ్యాలో వాళ్లే చూపిస్తారు, వద్దంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. ఇంకో సంగతి. నీళ్ల మీద ఎర్రగా, కుంకుమ కలిపినట్టు ఒక మూట కదులుతూ కనిపిస్తే అవి కొరమీను పిల్లలు. తల్లీ తండ్రీ కిందే కాపలా ఉంటాయి, దగ్గరికి ఏది వచ్చినా కరుస్తాయి. అప్పుడు దాన్ని పట్టడం చాలా సులువు. అందుకే పట్టకూడదు.

కొన్ని చేపలు నిన్నే పడతాయి, చెబుతాను విను. జెల్లకి వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్లుంటాయి. ఇంగిలాయికి ఆ ముల్లులో విషం కూడా ఉంటుంది. నల్లగా, సన్నగా, మీసాలతో ఉంటుంది, చూడ్డానికి సాధువు. అది గుచ్చితే మోచేతి దాకా సలుపు పాకుతుంది. చెయ్యి తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట పైనే ఉంచితే దిగుతుంది, ఆ తర్వాత డాక్టరుకి చూపించు. పేరు తెలియని మీసాల చేప పడితే చేత్తో ముట్టుకోకు, తడి తువ్వాలు వేసి పట్టుకో. గొరకకి మొప్పల మీద రంపం ఉంటుంది, నీళ్లలోంచి తీశాక కూడా చాలాసేపు బతికుంటుంది. చేతులు ఖాళీ లేవని చిన్న చేపని పళ్ల మధ్య పట్టుకునే అలవాటు మా వాళ్లలో ఉండేది. గొరక అలాగే గొంతులోకి జారిందంటే రంపం అడ్డుపడి వెనక్కి రాదు, మనిషి పోతాడు. నువ్వెందుకు పళ్లతో పట్టుకుంటావులే. అయినా రాశాను.

పులస సంగతి ఎవరో అడుగుతారు నిన్ను, గోదారి పిల్లవి కదా. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గానీ, అది గాలానికి పడేది కాదు. సముద్రంలో విలసగా ఉండి, వానాకాలం ఎర్రనీరు వచ్చాక గోదారికి ఎదురెక్కి పులస అవుతుంది. వల వెయ్యాల్సిందే. పులస పట్టానని ఎవడైనా గాలం చూపిస్తే నవ్వి ఊరుకో.

ఇంతవరకూ రాసి రాత్రి ఆపేశాను. పొద్దున్నే లేచి మళ్లీ చదువుకుంటే, రాయాల్సింది తప్ప అన్నీ రాశాననిపించింది. ఇంగిలాయి గురించి అంత రాసినవాడికి నీళ్ల గురించి రాయడానికి చెయ్యి రాలేదు.

మీ నాన్న కుడి అరచేతిలో, బొటనవేలి కింద, ఒక మచ్చ ఉంటుంది. చూసే ఉంటావు. సైకిల్ మీంచి పడ్డప్పుడు అయిందని నీకు చెప్పాడు. పెళ్లయిన కొత్తలో మీ అమ్మక్కూడా అదే చెప్పాడట. అది గాలం దిగిన మచ్చ.

1984 మార్చి. దాళ్వా, అంటే రెండో పంట, చివరి రోజులు. నీళ్లు తక్కువై కాలవకి వంతులు పెట్టారు. అంటే నాలుగు రోజులు నీళ్లు, నాలుగు రోజులు కట్టు. కట్టిన రోజుల్లో లాకుల దిగువన కాలవ మోకాల్లోతుకి తగ్గిపోతుంది. షట్టర్ల కింద రాళ్లు పరిచిన చోట మాత్రం గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, కాలవలో చేపలన్నీ అందులోకే చేరతాయి. ఆ చోటు మీ నాన్నకి చూపించింది నేనే. పదకొండేళ్లవాడు. గాలం పట్టాడంటే అన్నం కూడా గుర్తుండేది కాదు. నాకంటే ఓపిక. ఆ వయసులో ఏ పిల్లాడూ అంతసేపు బెండు కేసి చూస్తూ కూర్చోగా నేను చూడలేదు.

అయితే ఆ రాళ్ల సందుల్లో గాలం తగులుకుంటుంది. ఆ వారంలో రెండు పోగొట్టాడు. అవేం ఉత్త గాలాలు కావు, రాజమండ్రి నుంచి తెప్పించిన స్టీలు గాలాలు, ఒక్కోటి అర్ధరూపాయి. అర్ధరూపాయి అప్పుడు పెద్దదే, కానీ మరీ అంత పెద్దదేం కాదు. ఆ రోజు నాకు ఇంకేదో చికాకు ఉండి ఉంటుంది. "గాలాలు చెట్లకి కాస్తున్నాయట్రా? ఇంకోటి పోగొట్టావంటే ఇంటికి రాకు" అన్నాను. వీపు మీద ఒకటి వేశాను కూడా. శనివారం సాయంత్రం అన్న మాట అది.

ఆదివారం సాయంత్రం ఆరింటికి నీళ్లు వదలాలి. వాడికా సంగతి తెలుసు, నేనే చెప్పాను, ఐదు లోపల వచ్చెయ్యమని. మూడింటికి పైనుంచి కబురొచ్చింది. నీళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చేశాయి, ఎగువన మట్టం పెరిగిపోతోంది, వెంటనే షట్టర్లు ఎత్తమని. ఎత్తేముందు దిగువకి చూసి కేకెయ్యాలి. వేశాను. "నీళ్లొస్తున్నాయ్" అని ఒకసారి అరిచాను. మామూలుగా అయితే మూడుసార్లు అరిచి, కిందికి దిగి రెండు పక్కలా చూసొచ్చేవాణ్ణి. ఆ రోజు దిగలేదు. ఎండ మాడ్చేస్తోంది, ఆదివారం, చాకలివాళ్లు కూడా లేరు. నేను నిలబడ్డ చోటు నుంచి లాకుల పక్కన రెక్కలా సాగే గోడ మూల కనపడదు. అది నాకు తెలుసు. ఎన్నేళ్లుగానో తెలుసు.

నేనూ, పెద్ద లస్కరూ హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాం. షట్టరు జానెడు లేచింది. అడుగున నీళ్లు తెల్లగా చిమ్మడం మొదలయ్యాక ఆ హోరులో ఇంకేమీ వినపడదు. ఆయన నుదుటి చెమట తుడుచుకోవడానికి ఆగి, పక్కకి తిరిగి, "అవి ఎవరి చెప్పులు?" అన్నాడు. రాతి కట్టుబడి మీద రెండు చెప్పులు, పక్కన కొబ్బరి చిప్ప. చెప్పులు జతగా సర్ది పెట్టి ఉన్నాయి. మా ఇంట్లో చెప్పులు అలా సర్దేవాడు ఒక్కడే.

బుజ్జమ్మా, షట్టరు ఎత్తడానికి ఎన్ని చుట్లు తిప్పాలో దించడానికీ అన్ని చుట్లే. వదిలేస్తే పడిపోయేది కాదు. పెద్దాయన దిగువకి పరిగెత్తాడు. నేను పరిగెత్తితే నీళ్లు ఆపేవాడు లేడు. నిలబడి హ్యాండిల్ వెనక్కి తిప్పాను. ఎన్ని చుట్లో లెక్కపెట్టాను, ఎందుకు లెక్కపెట్టానో తెలీదు. తిప్పుతున్నంతసేపూ కిందికి చూడలేదు. ముప్పై ఏడేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పని అంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

దిగువన పడవలు కట్టుకునే ఇనప కడియం ఒకటి గోడకి ఉండేది. దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ దిగువనే ఆగిన గడ్డి పడవ సరంగు తాడు విసిరి లాగాడు. నేను వెళ్లేసరికి ఒడ్డున బోర్లా పడుకోబెట్టి నీళ్లు కక్కిస్తున్నారు. నన్ను చూసి లేవబోయాడు. ఎడం చెయ్యి వణుకుతోంది, కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. "నాన్నా, గాలం పోలేదు, తీసేశాను" అన్నాడు. పిడికిలి విప్పితే గాలం అరచేతిలోకి దిగిపోయి ఉంది. రాళ్ల సందులో తగులుకున్నదాన్ని తియ్యడానికి దిగాడట. తెంపేసి ఉంటే నా కేక వినపడేలోపు ఒడ్డు మీద ఉండేవాడు. నేను ఇంటికి రావద్దన్నాను కాబట్టి తెంపలేదు.

నేను ఆరు నెలలు గాలం ముట్టుకోలేదు. తర్వాత మళ్లీ పట్టాను. నిజమే చెబుతున్నాను, చేపల మీద మోజు అంత తేలిగ్గా పోదు. మీ నాన్న మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా పట్టలేదు. రమ్మన్నా రాలేదు, ఎందుకు రానో చెప్పలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. సైకిల్ మీంచి పడ్డానని చెప్పడం మొదలుపెట్టింది వాడే. మీ నాయనమ్మ బతికుండగా వాడి పళ్లెంలో చేప ముక్క వేస్తుంటే నేను వేరేవైపు చూసేవాణ్ణి. ఇప్పుడు నీ మీద కోపంగా ఉన్నాడంటే, అది నీ ఆరు వేల మీద కోపం కాదు.

నేను నీళ్లకి భయపడేవాణ్ణి కాను. 1986 ఆగస్టులో గోదారి భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటినప్పుడు రాత్రంతా గట్టు మీద ఇసుక బస్తాలు మోశాను. వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మన దాకా వచ్చేలోపు ఆవుల్ని విప్పుకుని, బియ్యం అటక మీదికి ఎక్కించుకునే వ్యవధి ఉంటుంది. గేటు కింద నీళ్లు అలా రావు. నువ్వు నిలబడ్డ గుంట అద్దంలా ఉంటుంది, నెత్తిన ఎండ కాస్తుంటుంది. నీ సింగూరు మంజీర మీద కట్టింది. ఆ మంజీర మహారాష్ట్రలో పుట్టి, బీదర్ మీదుగా వస్తుంది. వాన అక్కడ రాత్రి కురిసి ఉంటుంది. గేటు ఎత్తమని ఇక్కడ ఒక మనిషికి కబురొస్తుంది. ఆ మనిషి మంచివాడే అయ్యుండొచ్చు, కిందికి చూసే ఉండొచ్చు, సైరన్ కూడా మోగించి ఉండొచ్చు. ఆ మూల అతనికి కనపడదేమో. ఆ మనిషిని నేను, అందుకే చెబుతున్నాను.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది, ఎగువన డ్యామ్ నీళ్లు వదిలేసరికి కొట్టుకుపోయారు. ఆ వీడియో టీవీలో వేసి వేసి చూపించారు. మొదట ఎవరూ కంగారు పడరు, చూశావా? చీలమండల దాకా నీళ్లు వచ్చినా ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడతారు, తగ్గుతుందేమోనని. నాలుగు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. మీ నాన్న ఆ రాత్రి ఫోన్ చేసి, "పడుకున్నావా నాన్నా" అని అడిగి పెట్టేశాడు. అంతే అడిగాడు.

అందుకని సింగూరు మానెయ్యమని చెప్పను. మానెయ్యమంటే నువ్వు చెప్పకుండా వెళ్తావు, మీ నాయనమ్మ పోలికే నీది. గేట్ల దిగువకి మాత్రం దిగకు. గేట్లు కనపడుతున్నాయంటే అది నీ చోటు కాదు. ఎంత ఎండాకాలమైనా, ఎన్ని చేపలు ఎగురుతున్నా, ఆఫీసు పిల్లలు ఎంత ఎగతాళి చేసినా దిగకు. ఎగువన, ఏటవాలుగా ఉన్న ఒడ్డు చూసుకుని, నీళ్లకి నాలుగు అడుగుల వెనక కూర్చో. పాచి పట్టిన రాయి మీద కాలు పెట్టకు. నీకు ఈత వచ్చని మీ అమ్మ అంది. స్విమ్మింగ్ పూల్ ఈత ఒంటి మీద బట్టలుండగా, కింద బురద ఉండగా పనికిరాదు. నీళ్లలో తేల్చే జాకెట్ ఏదో అమ్ముతారట, ఆరు వేలు పెట్టినదానివి అదీ కొనుక్కో. డబ్బులు నేను పంపుతాను. ఒక్కదానివే ఎప్పుడూ వెళ్లకు.

గాలం నీళ్లలో దేనికైనా తగులుకుంటే కర్ర నిటారుగా పెట్టి లాగకు, విరుగుతుంది. దారాన్ని నేరుగా నీవైపు ఉంచి, చేతికి గుడ్డ చుట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని లాగు. వస్తే వస్తుంది. లేకపోతే తెగుతుంది. తెగనీ. మోకాలి లోతే కదా అని ఒక్క అడుగు కూడా లోపలికి పెట్టకు. ఈ ఉత్తరంలో ఇంకేది మర్చిపోయినా ఫరవాలేదు, గొరక సంగతి కూడా.

మొదటి చేపని ఏం చేస్తావో నీ ఇష్టం. వదిలేస్తావా, సంతోషం. వండుతావా, బూడిదతో పొలుసు రుద్ది, ఉప్పూ పసుపూ పట్టించి కడుగు. బూడిద మీకెక్కడిది, రాళ్ల ఉప్పుతో రుద్దు. పులుసు వెడల్పాటి గిన్నెలో పెట్టు, ముక్కలు వేశాక గరిటె పెట్టకు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పు. ఆ రోజు తినకు, మర్నాడు తిను. జిలేబీ అయినా ఫరవాలేదు, మొదటిది కదా. కాస్త మీ నాన్నకి పంపు. ఎక్కడ పట్టావో, ఎంత దూరంలో కూర్చున్నావో కూడా చెప్పి పంపు. తింటాడో తినడో నాకు తెలీదు.

బస్సు పార్సిల్‌లో డబ్బా ఒకటి పంపుతున్నాను. పైన ఆత్రేయపురం పూతరేకులు, మీ అందరికీ. కింద కాయితంలో చుట్టి ఆరు బెండ్లున్నాయి. జీలుగ బెండుతో నేనే చెక్కాను, చెయ్యి వణుకుతోంది కాబట్టి రెండు వంకరగా వచ్చాయి, తేలతాయి. వాటి పక్కన తగరపు డబ్బాలో గాలాలున్నాయి, చెయ్యి పెట్టేటప్పుడు జాగ్రత్త. యాభై. అన్నీ పోగొట్టుకున్నాక ఫోన్ చెయ్యి, ఇంకో యాభై పంపుతాను. లెక్క అడగను.

మీ తాతయ్య